పిలిస్తే వచ్చాడా?

వానా కురుస్తుంది, ఇల్లూ కురుస్తుంది. రెండింటికీ మన భాషలో ఒకటే మాట. అందులోని వెటకారం నాకు 2019 వానాకాలంలో తెలిసొచ్చింది. విశాఖలో మా డాబా ఇంటికి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. హాల్లో ఫ్యాను కొక్కెం పక్కన రూపాయి బిళ్ళంత మచ్చ కనిపించింది. శ్రావణానికి సాసరంత అయింది. భాద్రపదం వచ్చేసరికి ఫ్యాను వేస్తే ముఖాన తుంపర పడుతోందని మా ఆవిడ కనిపెట్టింది. అప్పటిదాకా దాన్ని నా చెమటే అనుకుంటూ కింద కూర్చుని పేపరు చదువుకున్నవాణ్ణి నేను.

చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక నంబరు పెట్టారు. ఎవరింట్లో చేశాడో వాళ్ళు రాయలేదు, మేం అడగలేదు. మనిషి మర్నాడే వచ్చాడు. టీషర్టు మీద కంపెనీ పేరు, చేతిలో ఫోటోల ఆల్బం, నోట్లో "పదేళ్ళ గ్యారంటీ సార్" అన్న మాట. ఎనభై అయిదు వేలకు బేరం కుదిరింది. యాభై వేలు ముందే ఇచ్చేశాం. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి చీపురుతో పైపైన ఊడ్చి, నాచు మీదే తెల్లరంగు రెండు కోట్లు పూసి వెళ్ళారు. దసరాకి డాబా పెళ్ళికూతురిలా ఉంది. మరుసటి ఏడాది అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం వానలకి ఆ రంగు అప్పడంలా లేచింది. ఫోను చేస్తే మోగదు. కార్డు మీద ఉన్న చిరునామాకి వెళ్తే అక్కడ సెల్‌ఫోన్ల రీఛార్జి కొట్టు ఉంది. కొట్టతను జాలిగా చూసి, "మీరు నాలుగోవారు సార్" అన్నాడు.

బెండకాయ తొడిమ దగ్గర కాదు, కొస విరిచి చూడాలని మా అమ్మ నాకు ఎనిమిదో ఏట నేర్పింది. అవతలివాళ్ళు గోత్రం చెప్పగానే మూడు ఊళ్ళ కూపీ లాగే కుటుంబం మాది. ఎనభై అయిదు వేలు పట్టుకెళ్ళేవాడి గురించి మాత్రం ఒక్క ఫోను చేయలేదు.

ఇంటికొచ్చి ఆ కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. దాని మీద జీఎస్టీ నంబరు ఉంది. జీఎస్టీ వాళ్ళ సైటులో ఆ నంబరు కొట్టి చూసే సదుపాయం ఎవరికైనా ఉంది, పైసా ఖర్చు లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. కొట్టాను. రిజిస్ట్రేషను రద్దయింది. అదీ మా పని ఒప్పుకునే నాటికే. రద్దు కాకముందు బతికింది కూడా తొమ్మిది నెలలే. పాతికేళ్ళ అనుభవం అని నాతో చెప్పిన మాటని ఆ తేదీ పక్కన పెట్టుకుని కాసేపు చూశాను. జీఎస్టీ వచ్చిందే 2017 జులైలో కదా, అంతకుముందు ఎలా చేశాడో తెలియదు కదా అని అతని తరఫున నేనే వాదించుకున్నాను కూడా. మోసపోయినవాడికి ఇదొక జబ్బు.

ఆ నంబరులో ఇంకో తమాషా ఉంది. మొత్తం పదిహేను అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్రం గుర్తు, ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. తర్వాతి పదీ యజమాని పాన్ నంబరు. పాన్‌లో నాలుగో అక్షరం ఆ పాన్ ఎవరిదో చెబుతుంది: మనిషిదైతే పి, కంపెనీదైతే సి, భాగస్వామ్య సంస్థదైతే ఎఫ్. అంటే జీఎస్టీ నంబరులో ఆరో అక్షరం చూస్తే చాలు. నా దగ్గరున్న కార్డు మీద పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్ అని బంగారు రంగులో అచ్చయి ఉంది. ఆరో అక్షరం పి. కంపెనీ లేదు, టీషర్టు ఉంది, అంతే.

అలాగని జీఎస్టీ లేనివాడు దొంగ కాదు. ఏడాదికి ఇరవై లక్షలు దాటని పనివాడికి ఆ రిజిస్ట్రేషను అక్కర్లేదు, మంచి మేస్త్రీల్లో చాలామంది ఆ లెక్కలోకే వస్తారు. ఇంటి కప్పుల పని చేసేవాడికంటూ మన దగ్గర ప్రత్యేకంగా లైసెన్సూ లేదు. ఆర్ అండ్ బి లాంటి శాఖల్లో క్లాసుల వారీగా కాంట్రాక్టర్లు నమోదవుతారు గానీ అది ప్రభుత్వ పనుల టెండర్ల కోసం. మా హాలు మచ్చతో ఆ క్లాసుకి సంబంధం లేదు. కాబట్టి కాగితం లేకపోవడం తప్పు కాదు, ఉన్న కాగితం అబద్ధమాడటం తప్పు. ఈ తేడా పట్టుకోవడానికి నాకు ఎనభై అయిదు వేలయింది.

ఇదంతా ఫోనులో చెప్పుకుని ఏడిస్తే, టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉండే మా మరదలు ఫక్కున నవ్వింది. "బావగారూ, మాకు ఏటా ఇదే భాగోతం" అంది. డల్లాస్ చుట్టుపక్కల వసంతకాలంలో వడగళ్ళ వానలు. నిమ్మకాయలంత పడతాయట ఒక్కోసారి. వాళ్ళ ఇళ్ళ మీద తారు పలకలు, షింగిల్స్ అంటారు. వడగళ్ళు పడిన మర్నాడే ఎక్కడెక్కడి వాళ్ళో నిచ్చెనలేసుకుని వీధిలోకి దిగిపోతారు. తలుపు కొట్టి, మీ కప్పు దెబ్బతింది, ఇన్సూరెన్సు వాళ్ళతో మేం మాట్లాడతాం, ఇక్కడో సంతకం పెట్టండి అంటారు. తుపాను వెంట తిరిగేవాళ్ళని అక్కడ వీళ్ళకో పేరు కూడా ఉంది. టెక్సాస్‌లో జుట్టు కత్తిరించాలంటే రాష్ట్రం లైసెన్సు కావాలి, ఇంటి కప్పు వేయాలంటే అక్కర్లేదు. ఫ్లోరిడాలో అలా కాదు, లైసెన్సు తప్పనిసరి, నంబరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. టెక్సాస్‌లో ఇన్సూరెన్సు పోగా మన జేబులోంచి కట్టాల్సిన భాగం ఉంటుంది చూడండి, అది మీరు కట్టక్కర్లేదు, మేం సర్దుతాం అని కాంట్రాక్టరు ఆశ పెడితే 2019 సెప్టెంబరు నుంచి నేరం. వాడెవడైనా ఆ మాట అన్నాడంటే మా మరదలు తలుపేసేస్తుంది.

ఆమె చెప్పినవాటిలో నాకు పనికొచ్చింది వేరే. కాంట్రాక్టరు తన ఇన్సూరెన్సు కాగితం చూపిస్తే ఆమె దాన్ని చదవదు. దాని మీదున్న ఏజెంటుకి కూడా కాదు, ఇన్సూరెన్సు కంపెనీ నంబరు విడిగా వెతికి వాళ్ళకే ఫోను చేసి, ఈ పాలసీ ఇవాళ బతికుందా అని అడుగుతుంది. కాగితం చూపించినవాణ్ణి ఎంత అడిగినా ఏం లాభం, ఇచ్చినవాళ్ళని అడగాలి. నేను దాన్ని విశాఖకి దింపుకున్నాను. మా రెండో వేటలో వచ్చిన ఒకతను, పేరున్న వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ తనకు శిక్షణ ఇచ్చి గుర్తింపు ఇచ్చిందని కార్డు చూపించాడు. ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోను చేస్తే, ఆ పేరు జాబితాలో లేదన్నారు. ఇంకో ఇద్దరి కార్డులు నిజమైనవే. కార్డు నిజమైతే పని మంచిదని కాదులెండి, మనిషి చెప్పిన ఒక మాట నిజమని మాత్రం తేలింది. అదీ తక్కువేం కాదు.

అసలు చూడాల్సింది డాబాలు. ఫోటోలు ఎవరైనా చూపిస్తారు, కొత్తగా పూసిన డాబా ఏదైనా ఫోటోలో బాగానే ఉంటుంది. నేను అడిగింది చిరునామాలు, అందులోనూ మూడు వానాకాలాలు దాటినవి. ఈ మాట అనగానే అయిదుగురిలో ఇద్దరు మళ్ళీ ఫోను ఎత్తలేదు. వడపోత అంత సులువుగా అయిపోతుందని నేననుకోలేదు. మిగిలిన ముగ్గురిచ్చిన ఇళ్ళకి గొడుగు పట్టుకుని వానలోనే వెళ్ళాను. ఎండలో డాబా చూడటం, పెళ్ళిలో మనిషిని చూసి గుణం చెప్పడం లాంటిది.

వానలో చాలా కనిపిస్తాయి. నీళ్ళు గొట్టం వైపు వాటంగా పోతున్నాయా, మధ్యలో చెరువు కడుతున్నాయా. పిట్టగోడ, స్లాబు కలిసే మూల గుండ్రంగా తిప్పి కట్టాడా, నిటారుగా వదిలేశాడా. నిటారుగా ఉన్న మూలలోనే మొదటి చీలిక పుడుతుంది. వాన గొట్టం మూతి చుట్టూ ఎలా అతికాడు. ట్యాంకు దిమ్మెల కింద చేయి పెట్టాడా, చూడరులే అని చుట్టూ పూసి వదిలేశాడా. పెదవాల్తేరులో ఒక ఇంట్లో ఈ ఆఖరిదాని దగ్గరే దొరికిపోయాడు ఒకతను. మాలాంటి సముద్రం పక్క ఊళ్ళో ఇంకో లెక్క ఉంది. చీలికలోంచి ఉప్పు తేమ లోపలికి పోయి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటుని తోసేస్తుంది, కింద పెచ్చులు ఊడతాయి. అలాంటి స్లాబు మీద ఎంత ఖరీదైన రంగు పూసినా పుండు మీద పట్టుచీర కప్పడమే. అందుకని పై డాబాతో ఆగకుండా, ఇంటివాళ్ళని బతిమాలి కింద గది పైకప్పు కూడా చూశాను. కొందరు విసుక్కున్నారు. కాఫీ ఇచ్చినవాళ్ళే ఎక్కువ. ఇల్లు కురిసే బాధ కులమత భేదాలు లేనిది.

సీతమ్మధారలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమె డాబా చేసి నాలుగేళ్ళు. నేను కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాను.

"మళ్ళీ కురిసిందా అమ్మా?"

"కురిసింది బాబూ. రెండో ఏడే. వంటింటి మూల."

నా ముఖం చూసి ఆవిడ నవ్వారు. "అడగాల్సింది అది కాదు. పిలిస్తే వచ్చాడా అని అడుగు."

"వచ్చాడా?"

"ఆదివారం వచ్చాడు. మూల తవ్వి చూసి, తప్పు నాదేనమ్మా అన్నాడు. డబ్బులు ఇయ్యబోతే పుచ్చుకోలేదు."

ఆ మేస్త్రికి జీఎస్టీ లేదు, టీషర్టు లేదు. ఆల్బం అసలే లేదు. మా డాబా ఎక్కాక అరగంట సేపు ఏమీ మాట్లాడకుండా సుత్తి వెనక్కి తిప్పి స్లాబు మీద తట్టుకుంటూ నడిచాడు. డొల్ల మోగిన చోటల్లా బొగ్గుముక్కతో సున్నా చుట్టాడు. పద్నాలుగు సున్నాలు. తర్వాత నన్ను పరీక్ష చేయడం మొదలెట్టాడు. ఇదివరకు ఎవరు చేశారు, ఏం పూశారు, బిల్లుందా, ట్యాంకు ఎప్పుడు పెట్టారు, ఈ చిల్లు ఎవరు కొట్టారు? చిల్లు డిష్ యాంటెన్నాది, కొట్టించింది నేను. బిల్లు లేదన్నాను. "బిల్లు తీసుకోవాలి కదా సార్" అన్నాడు, మా నాన్న అన్నట్టే.

నిజమే. బిల్లూ, ఏం చేస్తారో రాసిన కాగితమూ ఉంటే రెండేళ్ళలోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికైనా ఓ ఆధారం ఉండేది. నా దగ్గర ఉన్నది బంగారు అక్షరాల కార్డు ఒక్కటే. ఈసారి తెల్లకాగితం మీద రాసుకున్నాం: పాత పూత గీకడం, డొల్ల కొట్టి తుప్పు తీయడం, మూలలు తిప్పడం, ఏ కంపెనీ సరుకు ఎన్ని కోట్లు, సరుకు డబ్బాలు నా ముందే విప్పడం. పని అయ్యాక గొట్టం మూతులు మూసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూడటం. పదో వంతు డబ్బు వాన వచ్చి వెళ్ళాకే. ఆ చివరి షరతుకి బేరమాడతాడనుకున్నాను. "అక్టోబరు దాకా ఉంచుకోండి సార్, జూను వాన ఏం వాన" అన్నాడు.

పిట్టగోడ అవతలికి వంగి పని చేసే కుర్రాడికి లేబర్ కార్డు ఉందా అని కూడా అడిగాను. ఉందని తీసి చూపించాడు. ఆ మొదటిసారి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళ పేర్లు కూడా అడగలేదు నేను. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

మొన్న ఆదివారం ముసురు పట్టింది. పొద్దున్నే గేటు దగ్గర గొడుగేసుకుని ఒకాయన నిలబడ్డాడు, కాళ్ళ చెప్పులు తడిసి చేతిలో ఉన్నాయి. మేస్త్రి మా చిరునామా ఇచ్చాడట, డాబా చూపిస్తారా అని మొహమాటంగా అడిగాడు. ఇద్దరం పైకెళ్ళాం. ఆయన పిట్టగోడ మూలలన్నీ చూశాడు, గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ట్యాంకు దిమ్మె దగ్గర వంగబోతుంటే నేనే చెప్పాను, అక్కడ కింద గదిలో పోయినేడు కాస్త చెమ్మ తేలిందని.

ఆయన నిటారుగా లేచి నా వైపు చూశాడు. "మరి పిలిచారా?" అన్నాడు.