రీలుకు పదహారు రాకెట్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందుగదిలో టెన్నిస్ రాకెట్లకు తీగలు కట్టే గట్టింగ్ మెషిన్ ఒకటి ఉంది. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. కడ్డీకి వేలాడే బరువు కిందికి దిగుతూ తీగను లాగి బిగిస్తుంది. మొన్న మంగళవారం రాత్రి ఎల్బీనగర్ నుంచి ఒక కుర్రాడు నాలుగు రాకెట్లు పట్టుకొచ్చాడు. పందొమ్మిదేళ్లవాడు. తెల్లారితే టోర్నమెంటుకు రైలెక్కాలి.

"అన్నా, రెండే కట్టు. మిగతా రెండు గెలిస్తే చూద్దాం" అన్నాడు.

ఒకప్పుడు నేనూ ఇలాగే లెక్క వేసుకున్నాను. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగున ఉండే ఫ్యూచర్స్ టోర్నీలు మూడేళ్లు ఆడాను. 200 మీటర్ల రీలు కొంటే, రాకెట్‌కు 12 మీటర్ల చొప్పున 16 రాకెట్లొస్తాయి. టోర్నీ దగ్గర కట్టిస్తే ప్రతిసారీ కూలి ఇవ్వాలి. అందుకే నేర్చుకున్నాను. నిలువు తీగలు పదహారు, అడ్డ తీగలు పందొమ్మిది. నిలువువి తొందరగానే అయిపోతాయి. అడ్డ తీగను ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా, నవారు మంచం అల్లినట్టు అల్లుకుంటూ పోవాలి. పాలిస్టర్ తీగ చూపుడువేలి కొనను కోసేస్తుంది. ఒక్కచోట వరస తప్పినా అక్కడిదాకా విప్పాల్సిందే.

అప్పటి ఫ్యూచర్స్‌లో కింది మెట్టునే ఇప్పుడు ఎం15 అంటున్నారు. మొత్తం ప్రైజ్‌మనీ 15 వేల డాలర్లు. 32 మందిలో అయిదు మ్యాచ్‌లు వరసగా గెలిచినవాడికి 2,160 డాలర్లు, మన డబ్బులో లక్షా 80 వేలకు పైనే. మొదటి రౌండ్‌లో ఓడితే 156 డాలర్లు, అంటే 13 వేలకు పైనే. అందులో పన్ను పోతుంది, ర్యాంకింగ్ పాయింటు ఒక్కటీ రాదు. క్వాలిఫయింగ్‌లోనే వెనుదిరిగినవాడి చేతికి పైసా రాదు. వారం రోజుల గది, తిండి, రైలు ఖర్చు మాత్రం ఎవరికైనా తప్పదు.

ఈ కుర్రాడి నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్‌లో గుమాస్తాగా బత్తాయి లోడ్ల లెక్కలు రాసేవాడు. 2021లో మార్కెట్ బాటసింగారం తరలితే ఆయనా అటే వెళ్లాడు. మొదటిసారి ఆ 156 డాలర్ల సంగతి వివరించినప్పుడు కాసేపు ఆలోచించి, "లారీ కిరాయికి కూడా చాలని లోడు" అన్నాడు. ఇంతకంటే సరిగ్గా ఈ మెట్టు గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 నాటి లెక్కలు తీసి చూస్తే, కోచ్ జీతం కలపకుండానే, రాబడి ఖర్చుకు సరిపోయేది మగవాళ్లలో 336వ ర్యాంకు దగ్గర, ఆడవాళ్లలో 253వ ర్యాంకు దగ్గర అని తేలింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్ పక్కన ఆడిన మన విష్ణువర్ధన్ సింగిల్స్‌లో 300 లోపు ర్యాంకుకు ఎక్కాడు. అంతవాడికి కూడా ఆ గీత పక్కనే ఉందన్నమాట. దేశంలో నంబర్ వన్‌గా ఉన్న సుమిత్ నాగల్, తన ఖాతాలో 900 యూరోలే మిగిలాయని 2023లో బయటికి చెప్పాడు. 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 31వ సీడ్ బుబ్లిక్‌ను ఓడించాడు. అందరికీ ఆ గెలుపు గుర్తుంది. నాకు మాత్రం ఆ 900 గుర్తొస్తుంది. ఆ నెలల్లో అతను ఆగిపోయి ఉంటే ఆ గెలుపు ఎక్కడిది?

మగవాళ్ల టెన్నిస్ టూర్ నడిపే ఏటీపీ 2024 నుంచి పైర్యాంకుల వాళ్లకు షరతులతో ఏడాదికి ఇంత అని కనీస ఆదాయం హామీ ఇస్తోంది. 176 నుంచి 250 ర్యాంకు దాకా 2024లో అది 75 వేల డాలర్లు. మంచి పనే, కానీ ఆ గడప దాకా నడవడానికే మా పిల్లల దగ్గర డబ్బుల్లేవు. మా వీధిలో ఎంఎస్ కన్సల్టెన్సీ బోర్డులు లెక్కలేనన్ని. అమెరికా చదువుకు బ్యాంకు అప్పిస్తుంది. ఇరవై వారాల టోర్నీలకు ఇమ్మంటే ఏ మేనేజరూ ఫారం కూడా చేతికివ్వడు. సాకేత్ మైనేని ఆ అమెరికా చదువు దారిలోనే, అలబామా యూనివర్సిటీకి ఆడుతూ ఎదిగి, 28 ఏళ్ల వయసులో, 2016లో, క్వాలిఫయింగ్ దాటి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో ఆడాడు. కాలేజీ దారి ఒక్కటే కొంచెం ఊపిరి తీసుకోనిస్తుందని ఇప్పుడు ప్రతి తల్లిదండ్రికీ చెబుతున్నాను. నాకు అప్పుడెవరూ చెప్పలేదు.

ఎంత బాగా ఆడతావన్నదాని కంటే ముందు, ఎన్ని వారాలు ఓడిపోగలవని అడిగే ఆట ఇది. పందొమ్మిదేళ్లకు ఓడిపోకుండా ఎవరూ నేర్చుకోలేరు. నా ఆఖరి మ్యాచ్ మూడో సెట్‌లో రెండో రాకెట్ తీగ తెగింది. మూడోది ఖాళీ చట్రం. నేను కట్టుకోనిది. పక్క కోర్టు కుర్రాణ్ని అడిగి తెచ్చుకున్న రాకెట్‌తో ఆ సెట్ పూర్తి చేశాను.

మంగళవారం నాలుగూ కట్టాను. చివరి ముడి వేసేసరికి పన్నెండున్నర. కుర్రాడు రాకెట్లు సంచిలో సర్దుకుని రీలు వైపు చూశాడు.

"ఇంకెన్నొస్తాయి అన్నా?"

లెక్కపెట్టి చెప్పాను. ఏడు.