పిలుపు అందితే పని వదలాలి

కాలం దేవుడిచ్చిన సొమ్ము, దాన్ని దుబారా చేయకూడదన్నది మన సంఘాల్లో తరచూ వినే బోధ. ఎఫెసీయులకు పౌలు రాసిన పత్రికనూ 90వ కీర్తననూ దీనికి ఆధారంగా చూపిస్తారు. ఆధారం గట్టిదే. ఆచరణకు వచ్చేసరికి మాత్రం దాని అర్థం ఖాళీ లేకుండా ఉండడంగా కుదించుకుపోయింది. ఉద్యోగం కాగానే కూడిక, కూడిక కాగానే పాటల సాధన, ఆదివారం పొద్దుపోయేదాకా ఏదో ఒక కార్యక్రమం. ఎంత తీరిక లేకపోతే అంత నమ్మకమైన సేవకుడన్న లెక్క. ఆరో శతాబ్దంలో ఇటలీలో పునీత బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళిని చదివితే ఈ లెక్క ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. వేళ కాగానే పని వదలగలిగినవాడే కాలాన్ని నమ్మకంగా వాడుతున్నాడని ఆ నియమావళిని బట్టి నాకు అర్థమవుతోంది.

సంప్రదాయం ప్రకారం 529 ప్రాంతంలో మోంటే కస్సీనో కొండ మీద మఠం నెలకొల్పిన బెనెడిక్ట్, 73 చిన్న అధ్యాయాల్లో సన్యాసుల బతుకుకు ఒక క్రమం ఏర్పరిచాడు. రాత్రి ఒకసారి, పగలు ఏడుసార్లు ప్రార్థన. 150 కీర్తనలూ వారంలో పూర్తి కావాలి. మిగిలిన వేళను చేతి పనికీ చదువుకీ పంచాడు. 48వ అధ్యాయంలోని ఈ పంపకం కాలాన్ని బట్టి మారుతుంది. ఈస్టర్ నుంచి అక్టోబరు దాకా ఎండ ముదరకముందు పని, తరువాత చదువు, భోజనం అయ్యాక కాసేపు నడుం వాల్చడం, మళ్లీ సాయంత్రం ప్రార్థన దాకా పని. చలికాలంలో ముందు చదువు, తరువాత పని. శ్రమల దినాల మొదట్లో ఒక్కొక్కరికీ ఒక్కో పుస్తకం ఇస్తారు, దాన్ని మొదటి నుంచి వరసగా చదివి ముగించాలి. చదువు వేళ ఒకరిద్దరు పెద్దలు మఠమంతా తిరిగి, కబుర్లలో పడినవారిని పట్టుకుంటారు. సోమరితనం మీద బెనెడిక్ట్‌కు ఏ జాలీ లేదు. అయినా మధ్యాహ్నపు కునుకును నియమంలోనే రాసిపెట్టాడు. మన ఎండలు ఎరిగినవారికి ఇందులో వింతేమీ తోచదు.

ఈ పద్ధతికి ప్రాణం 43వ అధ్యాయంలో ఉంది. ప్రార్థనకు పిలుపు వినబడితే చేతిలో ఏ పని ఉన్నా అక్కడికక్కడ వదిలి లేవాలి. అంతకు వందేళ్ల ముందే కాసియన్ అనే సన్యాసి ఐగుప్తు సన్యాసుల గురించి రాస్తూ, మొదలుపెట్టిన అక్షరాన్ని కూడా పూర్తి చేయకుండా వారు లేచేవారని చెప్పాడు. సగం గీత దగ్గర కలం ఆగిపోవాలన్నమాట. ఇది చాదస్తంలా కనిపిస్తుంది కానీ, ఈ ఒక్క వాక్యం రాసి లేస్తాననే మాటలోనే పని మనకు యజమాని అవుతుంది. అంత కఠినంగా చెప్పిన బెనెడిక్టే ఆలస్యంగా వచ్చేవారి కోసం ఒక వెసులుబాటు చేశాడు. రాత్రి ప్రార్థన మొదట్లో పాడే కీర్తనను, మన బైబిల్లో అది 95వది, బాగా సాగదీసి పాడమన్నాడు. ఆ తరువాత వచ్చినవాడు తన వరసలో నిలబడకూడదు, వెనక నిలబడాలి. అయినా బయటే ఉండిపోనివ్వడు. ఉంటే మళ్లీ వెళ్లి పడుకుంటాడనో, కబుర్లు పెట్టుకుంటాడనో ఆయనకు తెలుసు.

దీనిపై ఒక బలమైన ఆక్షేపణ ఉంది. యంత్రయుగానికి ఆవిరి యంత్రం కన్నా గడియారమే ముఖ్యమని, ఆ లయను మనిషికి అలవాటు చేసింది బెనెడిక్టైన్ మఠాలేనని చరిత్రకారుడు లూయిస్ మమ్‌ఫర్డ్ 1934లో వాదించాడు. చరిత్రగా ఇందులో కొంత నిజం ఉంది. కానీ బెనెడిక్ట్ గంట మన గంట కాదు. పగటిని పన్నెండు భాగాలు చేసే ఆ లెక్కలో ఇటలీ వేసవి గంట మన 75 నిమిషాలకు, చలికాలపు గంట 45 నిమిషాలకు దగ్గరగా వస్తుంది. పైగా మిల్లు సైరన్ పనిలోకి తోస్తే, మఠంలోని పిలుపు పనిలోంచి లేపేది. యజమానులు క్రమాన్ని తీసుకుని దాని కారణాన్ని వదిలేశారు. ఆ నేరం నియమావళిది కాదు.

ఇదంతా పెళ్లాం పిల్లలు లేనివారికి చెల్లుతుంది, రాత్రి డ్యూటీ నర్సుకూ దినకూలీకీ ఎలా కుదురుతుందన్నది మరింత న్యాయమైన ప్రశ్న. పని ఆపే అధికారమే లేనివారిని ఆపమనడం క్రూరత్వం. ఎనిమిది వేళలనూ ఇంట్లో పాటించమని నేననను. అయితే దూరపు పనిలో ఉన్నవారు అక్కడే మోకరించి ప్రార్థిస్తే చాలని 50వ అధ్యాయం ఒప్పుకుంటుంది. అతిథి వస్తే, ముఖ్యమైన ఉపవాస దినం కానప్పుడు, మఠపెద్ద తన ఉపవాసాన్ని మానుకుని అతనితో కలిసి తినాలని 53వది చెబుతుంది. రాత్రి చివరి ప్రార్థన తరువాత అతిథి అవసరమో పెద్ద ఆజ్ఞో ఉంటే తప్ప నోరు విప్పకూడదని 42వది అంటుంది. అంటే రోజుకు ఒక ముగింపు ఉంది, మనిషి కోసం సడలింపూ ఉంది. మన సంఘ క్యాలెండర్లలో కొరవడినవి ఈ రెండే. సంఘ పెద్దలు వచ్చే ఏడాది కార్యక్రమాలు వేసేటప్పుడు, ప్రతి కూడికకు మొదలయ్యే వేళ పక్కనే ముగిసే వేళ కూడా అచ్చు వేయించండి, ఆ వేళకు దీపాలు ఆర్పి అందరినీ ఇళ్లకు పంపండి.