జిక్కి పాటల సంకలనం: సగం గొంతే వినిపిస్తా ఉండాది

పోయిన నెల బెంగుళూరులో పాత పాటల అంగడి ఒకదాంట్లో జిక్కి తెలుగు పాటల సంకలనం కనిపిస్తే కొనినాను. రెండు సీడీలు. ప్రేమలేఖలు (1953), అనార్కలి (1955), రోజులు మారాయి (1955), సువర్ణసుందరి (1957), పెళ్ళికానుక (1960), ఇట్లా మన ఇండ్లలో అందరికీ తెలిసినవే. శబ్దం బాగా శుభ్రం చేసినారు. సువర్ణసుందరిలో ఘంటసాలతో కలిసి పాడిన నాలుగు రాగాల పాట ఇంత తేటగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ మట్టుకు డబ్బుకు మోసం లేదు.

మనసు ఒప్పనిది లోపల పెట్టిన చిన్న కాగితం దగ్గర. తమిళనాడులో పుట్టినా తెలుగు స్పష్టంగా పాడింది అనే అర్థం వచ్చేటట్టు అందులో ఒక వాక్యం రాసినారు. ఆ 'పుట్టినా' అనే మాట నాకు ముల్లు మాదిరి గుచ్చుకుంది.

జిక్కి అసలు పేరు పిల్లవాలు గజపతి కృష్ణవేణి. వాళ్ళది చంద్రగిరి నుంచి మద్రాసుకు వలస వచ్చిన తెలుగు కుటుంబం. ఆమె పుట్టింది 1935లో, మద్రాసులో. అప్పుడు తమిళనాడు ఎక్కడిది? చంద్రగిరీ మద్రాసు రాజధానిలోదే, మా హోసూరూ అందులోదే. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953లో. అప్పటికి ఆమె పాడబట్టి పదేండ్లు. 1943లో పంతులమ్మ సినిమాలో చిన్నపిల్లగా పాడింది, 1948లో జ్ఞానసౌందరి అనే అరవ సినిమాతో పేరు తెచ్చుకుంది. ఆమె ఒక భాష నుంచి ఇంకో భాషకు పోలేదు. రెండూ ఆమె పుట్టిన ఊర్లో వీధిలో వినిపించే భాషలే. గీత తర్వాత గీసినారు. ఈ సంకలనం ఆ గీత మీదనే కత్తి పెట్టి కోసింది.

ఎందుకు అంత మాట అంటా ఉండానంటే, ఏరువాక పాట సంగతి చూడండి. రోజులు మారాయి సినిమాలో కొసరాజు రాసిన పాట, మాస్టర్ వేణు సంగీతం, వహీదా రెహమాన్ ఆడింది. ఆ మరుసటి ఏడాదే, 1956లో, అదే కథ 'కాలం మారిపోచ్చు' అని అరవంలో వచ్చింది. అదే వరస, అదే వహీదా, అదే జిక్కి. అరవ పాట 'ఏరు పూట్టి పోవాయే' అని ఎత్తుకుంటుంది. రెండు పాటలకూ మొదటి మాట ఏరే.

మా ఇంట్లో ఏరు అనే మాట లేదు. మేము మడక అంటాము. 'మడక కట్టినారా' అనేది మా జేజి. నేను చదివింది అరవ బడిలో. తెలుగు పుస్తకం మా నాయన ఇంట్లో చెప్పించినాడు. అందులో ఏరు అంటే వాగు. అందుకని చిన్నప్పుడు ఏరువాక పాట వింటే ఏట్లో నీళ్ళు వచ్చిన సంబరం అనుకునేవాణ్ణి. జేజిని అడిగితే నవ్వి, 'అరవోళ్ళు మడకను ఏరు అంటారు గదరా, పాటలో మనోళ్ళూ అట్లే అనినారు' అనింది. గుంటూరు పక్క ఏరువాక అనే మాట మా జేజికి అరవం గుండా అర్థమయింది! నేను చాన్నాళ్ళు జేజి పొరబడింది అనుకున్నాను. పొరపాటేమీ కాదు. నాగలికి ఏరు అనే పేరు తెలుగుకూ అరవానికీ ఉమ్మడి ఆస్తి. మా పల్లెలో మడక దాన్ని పక్కకు నెట్టింది, అంతే. ఈ రెండు పాటలూ పక్కపక్కన పెట్టి వినిపిస్తే ఆ సంగతి పిల్లకాయలకు కూడా తెలిసిపోతుంది. సంకలనంలో ఒకటే ఉండాది.

పెళ్ళికానుకలో కథ అడ్డం తిరిగింది. అది శ్రీధర్ తీసిన కళ్యాణ పరిసు (1959)కి తెలుగు రూపం. రెండింటికీ సంగీతం జిక్కి భర్త ఏ.ఎం. రాజాదే. ఆయనా చిత్తూరు జిల్లాలో పుట్టినవాడే. అరవంలో 'తుళ్ళాద మనముం', తెలుగులో 'పులకించని మది', రెండూ జిక్కి పాటలే. తుళ్ళేది మనకు కొత్త మాటా? తుళ్ళిపడినాడు, తుళ్ళింతలు అని మనమూ అంటాము. మా ఇంట్లో దూడలూ తుళ్ళేవి, పిల్లలూ తుళ్ళేవాళ్ళు. పులకించేది మాత్రం పుస్తకాల్లోనే. నన్నడిగితే మా వాళ్ళకు అరవ పాటే ఎక్కువ తెలుగుగా వినిపించి ఉంటుంది. (పండితులు కోపం చేసుకోవద్దు.)

గొంతులో కూడా తేడా ఉండాది. అరవ పల్లవి చివర 'ఉం' వస్తుంది, అక్కడ ఆమె పెదవులు మూసి నాదాన్ని లోపలే కాసేపు ఆడిస్తుంది. తెలుగు పల్లవి చివర పొట్టి ఉకారం. నోరు మూసే పని లేదు, స్వరాన్ని గాలికి వదిలేస్తుంది. వరస ఒకటే, మాట చివర మారితే ఊపిరి విడిచే చోటు మారింది. రెండు భాషలూ నోట్లో పుట్టినవాళ్ళకే ఇది ఇంత సులువుగా వస్తుందని నా చెవి చెప్తా ఉండాది. ఒక్క తెలుగు పాటే వింటే ఆ పనితనం ఎట్లా పట్టుబడుతుంది?

ప్రేమలేఖలు కూడా ఇంతే. రాజ్ కపూర్ 'ఆహ్'కు తెలుగు ప్రేమలేఖలు, అరవం 'అవన్'. రెండింట్లోనూ జిక్కి, రాజా పాడినారు.

ఇంకొక సణుగుడు. సంకలనంలో ఘంటసాలతో పాడిన జంట పాటలు ఎక్కువ పెట్టి, ఒంటి పాటలు తక్కువ చేసినారు. ఘంటసాల పక్కన ఆమె కొంచెం అణుకువగా పాడుతుంది. ఒంటిగా పాడేటప్పుడు ఆ గొంతులో ఒక చిలిపితనం, వీధిలో ఆడపిల్ల ఎవరినో పిలిచి నవ్వినట్టు ఉంటుంది. ఆ జిక్కి ఇందులో ఆడాడా మాత్రమే కనిపిస్తుంది. ఏ పాట ఎవరు రాసినారో కూడా వేయలేదు. కొసరాజు పేరు లేకుండా ఏరువాక ఏమిటండీ?

ఆ 'పుట్టినా' అనే మాటకు మళ్ళీ వస్తాను. మా చెల్లెలి పెండ్లికి విజయవాడ పక్క నుంచి చుట్టాలు వచ్చినారు. నేను 'వస్తా ఉండాను, కూర్చోండి' అంటే ఒక పెద్దాయన మెచ్చుకోలుగానే, 'తమిళనాడులో ఉన్నా తెలుగు బాగానే మాట్లాడతారే' అనినాడు. మా నాయన నవ్వి గమ్మున ఉండిపోయినాడు. ఆ రాత్రి మాత్రం నాతో, 'మనం ఎక్కడికీ పోలేదురా, ఈడనే ఉండాము' అనినాడు. ఆ కాగితం చదివినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తుకు వచ్చింది. జిక్కి 2004లో చెన్నైలోనే కన్నుమూసింది. ఆమె కూడా ఈడనే ఉండింది.

సంకలనం కొనొద్దని నేను చెప్పను. ఆ శబ్దం కోసమైనా కొనండి. నేను మాత్రం అరవ పాటలు వేరే తెచ్చి, జంటజంటగా ఒక వరస చేసుకున్నాను. మొన్న ఆదివారం నాయనకు పెట్టినాను, ముందు ఏరువాక, ఆ వెనక ఏరు పూట్టి. ఆయన కండ్లు మూసుకుని రెండూ వినినాడు. తర్వాత, 'రెండోది ముందు పెట్టు. టెంటు సినిమాలో నేను మొదట విన్నది అదే' అనినాడు.