చెరువు లేని గుడి

రామప్పగుడి చూపించడానికి ఒకసారి నా విద్యార్థులను పాలంపేటకు తీసుకువెళ్లాను. తిరిగివచ్చాక వాళ్లు రాసిన వ్యాసాలు చదివాను. మదనికల వంపులు, నంది ఠీవి, నీళ్లమీద తేలే ఇటుకలు అన్నీ ఉన్నాయి. కొందరు చెరువుమీది సాయంత్రాన్ని కూడా వర్ణించారు. కాని గుడికీ చెరువుకూ సంబంధమున్నట్టు ఒక్కరూ రాయలేదు. తప్పు వాళ్లది కాదు. ‘శిల్పాన్ని గురించి రాయండి’ అన్నవాణ్ణి నేనే.

ఈ విడదీత మన విమర్శలోనూ ఉన్నది. ప్రకృతిని కవికీ, శిల్పాన్ని చరిత్రకారుడికీ, నీటిని ఇంజనీరుకూ పంచిపెట్టి ఊరుకున్నాము. వాస్తవమేమిటి? 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడు. గుట్టల నడుమ కట్ట పోసి చెరువు నిలిపిందీ కాకతీయుల కాలంలోనే. అడవి, గుట్ట, వాన ప్రకృతివి. కట్ట, తూము, కాలువ, మడి మనిషివి. పంటలో మిగులు లేనిదే శిల్పికి కూలి ఎక్కడిది?

యునెస్కో 2021లో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. చుట్టూ ఉన్న అడవిని, పొలాలను, చెరువును ప్రస్తావించింది కూడా. అయినా జాబితాకెక్కిన పేరు గుడిదే. ప్రకృతీ మనిషీ కలిసి తీర్చిన ప్రదేశాలను సాంస్కృతిక భూదృశ్యాలుగా ఆ సంస్థే 1992 నుంచి గుర్తిస్తున్నది. ఫిలిప్పీన్స్‌లోని కార్డిల్లెరా కొండల వరిమెట్లు 1995లో అలా చేరాయి. సాగుచేసేవారు తగ్గి మెట్లు పాడుపడగా 2001లో ప్రమాద జాబితాకెక్కాయి. 2012లో గాని బయటపడలేదు. గట్లు వేసే చేతులు తప్పుకుంటే ఆ అందం నిలవదని దీనివల్ల తేలింది.

‘గుడి భూస్వామ్యపు గుర్తు, మనకెందుకు?’ అనే మిత్రులున్నారు. వారితో నాకు పేచీ. గుడిని రాజుకు వదిలేస్తే, కట్టిన చేతులనూ రాజుకే వదిలేసినట్టు. కట్టించినవాని పేరు శాసనంలో నిలిచింది. కట్టకు తట్ట మోసినవాని పేరు మనకు దక్కలేదు. అయినా జనం ఈ గుడిని శిల్పిదని చెప్పుకునే పేరుతోనే పిలుస్తున్నారు. అంతకు మించిన విమర్శ మనమేం రాశాము?

ఈసారి పిల్లలను ముందు కట్ట ఎక్కిస్తాను. కింది మడులు చూపించి, తూము ఎవరు తెరుస్తారో, నీళ్లు ముందు ఎవరి పొలానికి పారతాయో అడిగి రమ్మంటాను. గుడి ఆ తర్వాత.