సీసం జాడ తీసిన ఆలిస్ హామిల్టన్

షికాగోలో 1910 ప్రాంతంలో ఒక పోలండ్ కార్మికుడికి సీసం విషం ఎక్కింది. స్నానపు తొట్లకు ఎనామిల్ పూయడం అతని పని. కారణం వెతుకుతూ డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఆ ఫ్యాక్టరీకి వెళ్లారు. యాజమాన్యం దగ్గరుండి చూపించింది. సీసం ఆనవాలు ఎక్కడా కనబడలేదు. ఆమె అక్కడితో ఆగకుండా కార్మికుడి ఇంటికే వెళ్లి ఆరా తీశారు. తనకు చూపించింది తొట్లకు చివరి మెరుగులు దిద్దే చోటు మాత్రమేననీ, అసలు ఎనామిల్ పూత వేరేచోట జరుగుతుందనీ అప్పుడు బయటపడింది. అక్కడ కొలిమిలోంచి తీసిన ఎర్రటి తొట్టి మీద ఎనామిల్ పొడి చల్లుతారు. కొంత కరిగి తొట్టికి అంటుకుంటుంది, కొంత గాల్లోకి లేస్తుంది. పక్కనున్న మనిషి పీల్చేది ఆ గాలినే. ఆ పొడిని పరీక్ష చేయిస్తే అందులో 20 శాతం దాకా కరిగే సీసం ఉంది!

విషాల శాస్త్రం అనగానే మనకు గాజు సీసాలూ ఎలుకలూ గుర్తొస్తాయి. అవీ కావాల్సినవే. కానీ మనిషిని ఏ విషం, ఏ దారిన, ఎంత మోతాదులో పట్టుకుందో తేల్చాలంటే ప్రయోగశాల గడప దాటక తప్పదు. హామిల్టన్ పద్ధతి అదే. ఇల్లినాయ్ రాష్ట్రం వేసిన సర్వే కోసం ఆమె బృందం ఆస్పత్రి రికార్డులు తిరగేసింది. కార్మికవాడల్లో డాక్టర్లను, మందుల షాపులవాళ్లను, యూనియన్ నాయకులను కలిసింది. రోగి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ అతను పనిచేసే చోటికి చేరేవారు. సీసం వాడే పనులు 70కి పైగా తేలాయి. 1911లో ఆ రాష్ట్రం వృత్తి వ్యాధులపై చట్టం చేసింది.

యజమానులు చాలామంది ఒకే మాట అనేవారు: పనివాళ్లు చేతులు కడుక్కోకుండా తింటారు, అందుకే జబ్బు. ఈ వాదాన్ని ఆమె వదిలిపెట్టలేదు. అసలు శత్రువు గాల్లో తేలే దుమ్ము, పొగ అని పదేపదే చూపించారు. తేడా చిన్నది కాదు. తప్పు చేతులదైతే సబ్బు ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. తప్పు గాలిదైతే దుమ్ము లాగేసే ఫ్యాన్లు యజమానే పెట్టించాలి.

సీసం శరీరంలో కాల్షియంలా నటిస్తుంది. ఎముకల్లో చేరి ఏళ్లూ పూళ్లూ ఉండిపోతుంది. రక్తంలో హిమోగ్లోబిన్ తయారీని అడ్డుకుంటుంది. నరాలు దెబ్బతిని మణికట్టు వాలిపోతుంది, చెయ్యి ఎత్తబోతే లేవదు. పిల్లల మెదడుకైతే ఇంకా పెద్ద చేటు.

1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆమెను అధ్యాపకురాలిగా తీసుకుంది. అక్కడ ఆ హోదా దక్కిన తొలి మహిళ ఆమే. అయినా 1935లో రిటైరయ్యేదాకా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే ఉంచారు. అది పచ్చి అన్యాయం. 1925లో పారిశ్రామిక విషాల మీద ఆమె రాసిన పాఠ్యపుస్తకం వచ్చింది. పెట్రోలులో సీసం కలపడం ప్రమాదమని అదే ఏడాది వాషింగ్టన్ సమావేశంలో గట్టిగా హెచ్చరించారు. ఎవరూ చెవిన పెట్టలేదు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో మానేసింది.

రోగి జబ్బుకు మూలాన్ని అతని పనిలో వెతికే ఈ సంప్రదాయానికి మూలపురుషుడు ఇటలీ వైద్యుడు రమజ్జీని. 1700లో అచ్చయిన గ్రంథంలో ఆయన వైద్యులకు ఒక సలహా ఇచ్చాడు: రోగిని అడిగే ప్రశ్నలకు 'నువ్వేం పని చేస్తావు?' అన్నది కూడా చేర్చండి. మూడు వందల ఏళ్లు దాటినా మన ఓపీ చీటీల్లో పేరు, వయసు, బరువు రాస్తారు గానీ చాలాచోట్ల పని ఊసే ఉండదు. పాత బ్యాటరీలు విప్పేవాళ్లు, పెయింట్ గీకేవాళ్లు, పొలంలో మందు కొట్టేవాళ్లు డాక్టరు అడిగేదాకా ఆగకండి. నొప్పి కంటే ముందు మీరు చేసే పని చెప్పండి.