ప్రేక్షాగృహం - వికలాంగ ప్రేక్షకుడు: తెలుగు ప్రదర్శన కళల్లో సుగమ్యత

పరిశోధన సారాంశం:
నాటకశాలను వికలాంగులకు అందుబాటులోకి తేవడమంటే మెట్ల పక్కన ర్యాంపు కట్టడమేనన్న అభిప్రాయం స్థిరపడింది. ప్రేక్షాగృహానికి భరతుడు చెప్పిన ప్రమాణాన్ని, తెలుగు ప్రదర్శన రీతుల స్వభావాన్ని, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టాన్ని కలిపి పరిశీలించి, సుగమ్యత కట్టడంతోపాటు ప్రదర్శన రీతికీ సంబంధించిన విషయమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రేక్షాగృహం, సుగమ్యత, పద్యనాటకం, సురభి, కూచిపూడి, శ్రవ్యవివరణ.

1. ఉపోద్ఘాతం:
నాటకాన్ని దృశ్యకావ్యమని వ్యవహరించడం సంప్రదాయం. ఆ పేరులోనే చూపున్న ప్రేక్షకుడు ప్రమాణంగా నిలిచాడు. చూడలేనివారు, వినలేనివారు, మెట్లెక్కలేనివారు ఈ నిర్వచనంలో ఎక్కడున్నారన్నది ప్రశ్న. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది వికలాంగులున్నారు. కాబట్టి ఇది ఏ కొద్దిమందికో పరిమితమైన సమస్య కాదు.

2. నాట్యశాస్త్రంలోని రెండు ధోరణులు:
నాట్యశాస్త్రం రెండో అధ్యాయం ప్రేక్షాగృహాన్ని వికృష్టం, చతురస్రం, త్ర్యస్రం అని ఆకారాన్ని బట్టి మూడు విధాలుగా విభజించింది. మానవులకు 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల మందిరం తగినదని చెప్పింది. అంతకు మించితే మాట స్పష్టంగా వినిపించదని, నటుని ముఖంలోని భావం కనిపించదని కారణం చూపింది. అంటే కట్టడం కొలతను నిర్ణయించింది ప్రేక్షకుని గ్రహణశక్తే. ఆధునిక సుగమ్యతా సూత్రానికి ఇది చాలా సమీపమైన ఆలోచన.

అయితే అదే అధ్యాయం, పునాది వేసే సందర్భంలో దూరంగా ఉంచవలసినవారిలో వికలురను చేర్చింది. ఈ నిషేధం ఆ క్రతువుకు పరిమితమైనదే గాని ప్రదర్శన చూడరాదన్న విధి కాదు. అయినా నాట్యం అన్ని వర్ణాలవారిదని మొదటి అధ్యాయంలో ప్రకటించిన గ్రంథం, శరీరభేదం దగ్గర సంకోచించిందన్నది గమనించవలసిన విషయం. 'వికలాంగులు' పోయి 'దివ్యాంగులు' వచ్చినంత మాత్రాన ఆ సంకోచం తొలగిపోదు.

3. తెలుగు ప్రదర్శన రీతులు - గ్రహణ మార్గాలు:
వీధినాటకానికి, తోలుబొమ్మలాటకు ద్వారాలు, మెట్లు, వరుస కుర్చీలు లేవు. చక్రాల కుర్చీలో వచ్చినవారు కూడా జనం మధ్యనే ఉండగలరు. నేల మీద కూర్చోలేనివారికి, చీకట్లో దారి కనిపించనివారికి అక్కడా ఇబ్బంది తప్పదు. కనుక పాతదంతా సుగమమని తీర్మానించడం సరికాదు.

పద్యనాటకానికి ప్రాణం వాచికం. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' చూపులేని శ్రోతకు కూడా చాలావరకు అందుతుంది. సురభి వారి 'మాయాబజార్' స్వభావం వేరు. 1885లో మొదలైన ఈ నాటక సంప్రదాయం రంగాలంకరణకు, కళ్లెదుటే జరిగే మాయలకు ప్రసిద్ధం. సభ అంతా చప్పట్లు కొట్టే క్షణంలో అంధ ప్రేక్షకునికి వినిపించేది ఆ చప్పట్లే.

ఈ లోటును తీర్చే పద్ధతి శ్రవ్యవివరణ. వేదిక మీద జరిగేదాన్ని ఒక వ్యాఖ్యాత సంభాషణల మధ్య విరామాల్లో హెడ్‌ఫోన్ ద్వారా చెబుతాడు. రంగస్థలంపై దీనిని వ్యవస్థీకృతంగా ప్రవేశపెట్టినది 1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్. ఈ పద్ధతిని పద్యనాటకానికి యథాతథంగా వర్తింపజేస్తే రాగాలాపన మీద వ్యాఖ్యానం పడి రసభంగమవుతుంది. అక్కడ పాత్రల వేషాన్ని, రంగాన్ని ప్రదర్శనకు ముందే వివరించడం, కిరీటం, గద వంటి ఆహార్యాన్ని తాకనివ్వడం మేలు. సురభి నాటకానికి మాత్రం ఏ క్షణం మాయను ఆ క్షణంలోనే చెప్పే వ్యాఖ్యాత కావాలి.

కూచిపూడిలో హస్తముద్రలున్నాయి గనుక బధిరులకు అది సహజంగానే అర్థమవుతుందన్నది ఒక అపోహ. ముద్రలు సంజ్ఞాభాష కావు. భారతీయ సంజ్ఞాభాషకు తనదైన వ్యాకరణముంది. 'భామాకలాపం'లో సత్యభామ అతిశయం అభినయంలో కొంత అందినా, మాటల్లోని చమత్కారం అందదు. పాఠాన్ని తెరపై చూపడం, సంజ్ఞాభాషా అనువాదకునికి ముందే ప్రతి ఇవ్వడం, నర్తకితో పాటు అతడూ ఒకే చూపులో కనిపించేలా నిలబెట్టడం అవసరం.

4. చట్టం - ఆచరణ:
2016 చట్టంలోని 29వ సెక్షన్ సాంస్కృతిక జీవనంలో పాల్గొనడాన్ని వికలాంగుల హక్కుగా గుర్తించి, కళను వారికి అందుబాటులోకి తెమ్మని ప్రభుత్వాలను ఆదేశించింది. నియమాలు వెలువడిన ఐదేళ్లలోగా ఉన్న ప్రజాభవనాలన్నింటినీ సుగమం చేయాలని 45వ సెక్షన్ నిర్దేశించింది. 2017 నాటి నియమాలతో ఆ గడువు 2022లోనే ముగిసింది. హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ వికలాంగ అధ్యయన కేంద్రం సమర్పించిన నివేదికను ఆధారం చేసుకుని, 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు 15(1) నియమం చట్టానికి విరుద్ధమని తీర్పునిచ్చింది. ఆ నియమం ప్రమాణాలను కేవలం సూచనల స్థాయిలో ఉంచడమే అందుకు కారణం.

ప్రమాణాలు తప్పనిసరైనా అవి ప్రధానంగా ద్వారం, వాలు, మరుగుదొడ్డి వరకే పనిచేస్తాయి. చక్రాల కుర్చీకి చివరి వరుస వెనుక చోటు చూపి, కుటుంబాన్ని వేరేచోట కూర్చోబెడితే నియమం పాటించినట్టే ఉంటుంది, ఆదరణ మాత్రం ఉండదు. వేదిక మీదికి, నేపథ్యంలోకి వాలుదారి లేకపోతే వికలాంగులు ప్రేక్షకులు కావచ్చు గాని నటులు కాలేరని ఆ మందిరం చెప్పకనే చెబుతుంది.

5. ముగింపు:
రసం ప్రేక్షకునిలో నిష్పన్నమవుతుందన్న సిద్ధాంతాన్ని అంగీకరించినవారు, ఆ ప్రేక్షకుడు ఒకే రకం శరీరం గలవాడని భావించడం అసంగతం. భరతుడు చూపిన కారణాన్ని విస్తరించి, ఆయన చూపిన సంకోచాన్ని విడిచిపెట్టడం నేటి అవసరం. ప్రతి ప్రదర్శన రీతికీ తగిన సుగమ్యతా పద్ధతిని రూపొందించడంలో విశ్వవిద్యాలయ రంగస్థల కళల శాఖలు వికలాంగ ప్రేక్షకులనూ, కళాకారులనూ భాగస్వాములను చేయాలి. కట్టడం ఇంజనీరు పని. ఏ క్షణంలో ఏ మాట చెప్పాలో, ఎక్కడ మౌనంగా ఉండాలో నిర్ణయించడం మాత్రం రంగస్థలం తెలిసినవారి పని.