చట్రం లేని సముద్రం

ధ్రువసముద్రాల జీవకోటిని చిత్రించే కళ ఇటీవలి కాలంలో ఒక మలుపు తిరిగింది. పూర్వం కెమెరాకు ఒక చట్రం ఉండేది. అందులోకి వచ్చినదే సముద్రం. ఇప్పుడు పలు కటకాలను ఒక గోళంలో అమర్చి, దృశ్యాల అంచులను అతికి, పైన మంచుకప్పు, క్రింద సముద్రగర్భం, చుట్టూ నీరు అన్నింటినీ ఒకేమారు చూపే పనోరమా పద్ధతి వచ్చింది. దీనిని సాంకేతిక విజయంగా మెచ్చుకొని ఊరుకుంటే విమర్శకుని పని తీరదు. చట్రం పోయినపుడు చిత్రకారుని ఎంపిక ఏమైనది?

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ ప్రశ్న క్రొత్తది కానక్కరలేదు. అదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, పింగ్లా దగ్గరి నయా గ్రామంలో పటువాలు నేటికీ పటాలు వ్రాస్తున్నారు. పటువా పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, వేలితో ఒక్కొక్క గడిని చూపుతూ పాడుతాడు. 2004 నాటి సునామీని సైతం వారు ఇట్లే పటానికెక్కించారు. మన చేర్యాల నకాశీ పటం కూడ కథకుని చేతిలోనే విచ్చుకొనేది. పటాన్ని నిలువునా విప్పి గోడకు తగిలిస్తే బొమ్మలన్నీ కనబడతాయి గాని కథ కనబడదు. (ఖరగ్‌పూర్ స్టేషనులోని 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్ల పొడవైనది. దాని పొడవు నడిచినవానికి తెలిసినట్లు చూచినవానికి తెలియదు.)

నీటి అడుగున ఈ పద్ధతికి కష్టాలు ఎక్కువ. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. చదునైన గాజు వెనుక కెమెరాను ఉంచితే దృశ్యవిస్తృతి కుదించుకుపోతుంది. అందుకే అర్ధగోళాకారపు గాజు వాడుతారు. రెండు కటకాల మధ్య అతుకు మీదుగా ఒక సీల్ దగ్గరగా ఈదితే దాని మేను తెగినట్లు కనబడే ప్రమాదమున్నది. నీరు సున్నాకు దాదాపు రెండు డిగ్రీలు దిగువన ఉంటుంది. గజ ఈతగానికి మంచులో తొలిచిన రంధ్రమే రాకపోకలకు దారి. అన్నిటికంటె ముఖ్యం, అన్ని దిక్కులూ చూచే కెమెరా వెనుక దాగడానికి చోటుండదు. ఈతగాడు, అతని దీపం, అతని తాడు, అన్నీ దృశ్యంలో భాగమే. చాలమంది దీనిని లోపంగా భావిస్తారు. నాకు ఇది గుణంగా తోస్తున్నది.

2011లో బి.బి.సి. ప్రసారం చేసిన ‘ఫ్రోజెన్ ప్లానెట్’ ఇందుకు ఉదాహరణ. అందులో ధ్రువపు ఎలుగు పిల్లల దృశ్యాన్ని ఆర్కిటిక్ మంచులో కాక నెదర్లాండ్స్‌లోని ఒక జంతుశాలలో కట్టిన గుహలో తీశారని తెలిసి బ్రిటన్‌లో వివాదం చెలరేగింది. గోళదృశ్య కెమెరా అక్కడ ఉండి ఉంటే ఆ గుహ గోడలు తామే సాక్ష్యం చెప్పేవి. కాని అదే ధారావాహికలో మరొక దృశ్యమున్నది. గడ్డకట్టే సముద్రం నుండి వెలికివచ్చిన అతిశీతలమైన ఉప్పునీరు క్రిందికి జారుతూ, తన చుట్టూ మంచుగొట్టాన్ని అల్లుకుంటూ అడుగుకు చేరి నక్షత్రచేపలను చంపుతుంది. హ్యూ మిల్లర్, డగ్ ఆండర్సన్ కెమెరాను కదలక నిలిపి, గంటల వ్యవధిని క్షణాలలోకి కుదించి దీనిని చూపారు. గోళదృశ్యంలో ఆ సన్నని గొట్టం ఏ మూలనో ఒక గీతగా మిగిలేది. ప్రేక్షకుడు అప్పుడు పెంగ్విన్ వైపు తిరిగి ఉంటే అది కూడ లేదు.

కనుక చట్రం చేసే పని ఇప్పుడు మాట మీద పడుతున్నది. ఏ వైపు చూడవలెనో వ్యాఖ్యాత చెప్పాలి. ఇక్కడ మన భాష ప్రసక్తి వస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారం కాలం నుండి ఉత్తరాంధ్ర నుండి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలలో, తెలుగు చదవలేకపోయినా విని గ్రహించగల పిల్లలున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాష హోదా నిచ్చుటకు ఆమోదం తెలిపింది. లిపి నేర్పే బడి ఎంత అవసరమో, చెవికి చేరే మంచి తెలుగు కూడ అంతే అవసరం.

అటువంటి తెలుగు మన అనువాద వ్యాఖ్యానాలలో అరుదు. ఆకాశం నుండి రాలినది మంచు, ఉదయాన కమ్మినది మంచు, సముద్రం మీద తేలినది మంచు! ‘గడ్డకట్టిన సముద్రం’ అని ఒక్కమాటు అంటే అది ఉప్పునీటి నుండి పుట్టినదని పిల్లవానికి తెలుస్తుంది; నేల మీది నుండి జారివచ్చిన హిమానీనదంతో అది కలిసిపోదు. తిమింగలాల ఆహారమైన క్రిల్‌ను ‘సూక్ష్మ జలచరం’ అనేకంటె, రొయ్యపొట్టును తలపించే జీవి అంటే శ్రీకాకుళం వంటిల్లు ఎరిగిన ఇంట చప్పున బోధపడుతుంది. క్రిల్ రొయ్య కాదని తరువాత చెప్పవచ్చును.

మాట ఎక్కడ ఆగవలెనో కూడ వ్యాఖ్యాతకు తెలియాలి. వెర్నర్ హెర్జోగ్ 2007 నాటి అంటార్కిటికా చిత్రంలో పరిశోధకులు మంచుమీద పడుకొని, చెవి ఆనించి, అడుగున వెడెల్ సీళ్ళ పిలుపులు వింటారు. ఆ పిలుపులు యంత్రధ్వనుల వలె ఉంటాయి. ఆ చోట ఏ భాషలోనూ వ్యాఖ్యానం అక్కరలేదు.